ఫియట్ 500ఈ తీసుకోవాలా, డాడ్జ్ ఛాలెంజర్ తీసుకోవాలా?

కాలిఫోర్నియా బే ఏరియాలో ఆఫీసుకు తిరగడానికి బుల్లి ఎలక్ట్రిక్ కారు ఫియట్ 500ఈ కొనాలా, లేక సెకండ్ హ్యాండ్‌లో పెద్ద పెట్రోల్ బండి డాడ్జ్ ఛాలెంజర్, అందులో ఆర్/టీ అనే మోడల్ కొని కాలేజీ నాటి సరదా తీర్చుకోవాలా అని అడిగారు కదా. ఫియట్ మాది, ఛాలెంజర్ మా బావమరిదిది, అవసరాన్ని బట్టి బళ్లు మార్చుకుంటుంటాం. పొదుపుకి ఫియట్, సరదాకి ఛాలెంజర్ అని అందరూ అంటారు గానీ నా లెక్క తలకిందులు. ఊళ్లో సరదా అంతా ఫియట్‌లోనే, ఛాలెంజర్ దూరప్రయాణాల బండి.

ఛాలెంజర్‌ది 5.7 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 370 పైచిలుకు హార్స్‌పవర్. ఫియట్‌ది 117. అదిమి తొక్కితే ఫియట్ దాని దరిదాపుల్లో కూడా ఉండదు, ఒప్పుకుంటా. కానీ ఫ్రీమాంట్ లాంటి ఊళ్లో రెండు సిగ్నళ్ల మధ్య ఎంతని తొక్కుతారు? ఆ కాస్త దూరంలోనే ఫియట్ మజా: కాలు పెట్టీ పెట్టగానే మోటారు లాగేస్తుంది, గేర్లు మారే గోల లేదు, ఎక్కడ జాగా ఉంటే అక్కడ దూరిపోతుంది. పొడవులో రెండింటికీ నాలుగున్నర అడుగుల తేడా మరి. ఛాలెంజర్‌కి ఉన్నవి రెండే డోర్లు, అవీ ఎంత పొడుగంటే ఇండియన్ స్టోర్ దగ్గర పక్కన ఏ మినీ వ్యానో ఉంటే మావాడు పొట్ట లోపలికి పీల్చుకుని అడ్డంగా దిగాలి.

అదే ఐ-5 హైవే ఎక్కి లాస్ ఏంజెలెస్ వైపు వెళ్లండి. ఆటోమేటిక్ ఆర్/టీ అయితే తాపీగా వెళ్తున్నప్పుడు నాలుగు సిలిండర్లు ఆపేసుకుంటుంది, హైవే మీద గ్యాలన్‌కి 25 మైళ్లు అని ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్క. వెనక సీట్లో పెద్దవాళ్లు కూడా కూర్చోగలరు, ఎక్కడమే కష్టం, చీరలో మా అత్తయ్యగారికి అదో యజ్ఞం. ఇండియా నుంచి వచ్చే పెద్ద సూట్‌కేసులు డిక్కీలో పడతాయి. ఫియట్‌కి ఫుల్ చార్జ్ మీద కాగితం లెక్కన 149 మైళ్లు, హైవే స్పీడులో అదీ రాదు. చార్జ్ అడుగంటితే ఉన్నదాన్ని పొదుపుగా వాడే షెర్పా మోడ్ ఉంది, కానీ అందులో ఏసీ బందు, 50 మైళ్ల వేగం దాటదు. జూలైలో ఆ దారిలోని కోలింగా ఎండకి, వెనక పిల్లలతో... వద్దులెండి.

ఖర్చంటారా, ఊళ్లో 100 మైళ్లకి ఛాలెంజర్ ఆరు గ్యాలన్ల పైనే తాగుతుంది, అదీ మామూలు పెట్రోల్ కాకుండా ఒక మెట్టు పైది, 89 ఆక్టేన్ పోయమంటారు. ఫియట్‌కి 29 యూనిట్ల కరెంటు చాలు. మీ రేట్లు వేసి చూసుకోండి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మామూలు ప్లగ్ ఉన్నా రాత్రికి రాత్రి ఓ 40 మైళ్లు ఎక్కుతుంది, ఆఫీసుకి అది చాలు, కాబట్టి ప్లగ్ ఉంటే ఫియట్ తీసుకుని దూరాలకి బండి అద్దెకి తెచ్చుకోండి. ప్లగ్ లేదా, వారం వారం చార్జింగ్ స్టేషన్ దగ్గర పడిగాపుల కన్నా ఛాలెంజరే నయం. 2023తో దాని తయారీ ఆగిపోయింది, ఎలాగూ వాడిందే కొనాలి. ముందు రోజు రాత్రి నుంచి ఆపి ఉంచమని చెప్పి, పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీరే స్టార్ట్ చేసి వినండి. వేడెక్కాక కూడా టిక్ టిక్‌మని చప్పుడు ఆగకపోతే మెకానిక్‌కి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.