ఎముకలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: గామా కెమెరా (ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెట్టే యంత్రం) తీసిన బోన్ స్కాన్‌ను వీజీఏ మానిటర్‌పై చూపించే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్) బోర్డు మా ఫైనలియర్ ప్రాజెక్టు. బొమ్మ 128×128, పిక్సెల్‌కు 16 బిట్లు. పై 8 బిట్లను డీఏసీకి (అంకెను వోల్టేజీగా మార్చే సర్క్యూట్‌కు) ఇస్తున్నాం. మూత్రాశయం దగ్గర లీలగా ఒక మచ్చ తప్ప ఎముకలే కనబడవు. పైగా తెరంతా తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి.
- ఇంజినీరింగ్ విద్యార్థులు, కాజీపేట

జవాబు: బోర్డు బాగానే ఉంది, కోసిన బిట్లే తప్పు. పిక్సెల్‌లో ఉండేది ఆ చోట పడిన గామా కిరణాల లెక్క. స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే, గామా కిరణాలు వెదజల్లే టెక్నీషియం మందు మూత్రంతో పోతుంది కనుక మూత్రాశయంలో పోగవుతుంది. అక్కడ 900 కౌంట్లు, పక్కటెముకలో 80 ఉన్నాయనుకోండి. కింది 8 బిట్లు కోసేస్తే, అంటే 256తో భాగిస్తే, 900 కాస్తా 3 అవుతుంది, 80 సున్నా అవుతుంది. 255 మెట్లలో మూడోది కంటికి నలుపే.

పోనీ 900ను 255కు సర్దినా పక్కటెముకకు దక్కేది 22. అందుకే నలుపుకు కింది హద్దు, తెలుపుకు పై హద్దు రెండూ నాబ్‌లతో మారేలా పెట్టండి. కౌంటులోంచి కింది హద్దు తీసేసి, 255తో గుణించి, హద్దుల తేడాతో భాగించాలి. హద్దులు 0, 160 అయితే పక్కటెముక 127కు లేస్తుంది. హద్దు దాటినదాన్ని 255 దగ్గరే ఆపండి. ఆపకపోతే లెక్క పొంగి, తెల్లగా ఉండాల్సిన మూత్రాశయం మధ్యలో నల్లటి మరకలు పడతాయి. ఈ భాగహారం ప్రతి పిక్సెల్‌కూ చేయక్కర్లేదు. నాబ్ తిరిగినప్పుడు 1024 గడుల పట్టిక నింపుకుంటే చాలు. అసలు కౌంట్లున్న 32 కేబీ మెమరీని మాత్రం ముట్టొద్దు.

తెల్ల చుక్కలకు కారణం, తెర చదువుతుండగానే మీరు అదే మెమరీలో రాయడం. ఒకవైపు రాస్తూనే మరోవైపు చదవగలిగే డ్యూయల్ పోర్ట్ మెమరీ వాడండి. లేదా 640×480లో ఒక్కో ఫ్రేముకు 45 గీతల ఖాళీ, అంటే సుమారు 1.4 మిల్లీసెకన్లు దొరుకుతుంది, అప్పుడే రాయండి. బొమ్మను 3 రెట్లే పెంచండి. 480 నింపాలని 3.75 రెట్లు లాగితే కొన్ని పిక్సెళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. 1024×768 అయితే సరిగ్గా 6 రెట్లు పడుతుంది, కానీ 65 మెగాహెర్ట్జ్ గడియారం కావాలి.

డీఏసీని రెసిస్టర్లతో కట్టారా? 8 బిట్లకు 1 శాతం రెసిస్టర్లూ చాలవు. 127 నుంచి 128కి పోయేటప్పుడు వెలుతురు పెరగక తగ్గొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు ఏరే బదులు ఏడీవీ 7125 లాంటి వీడియో డీఏసీ పెట్టుకోండి.

ప్రశ్న: ఇదే బొమ్మకు ఇంద్రధనుస్సు రంగులు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రంగుల పట్టికకు 768 బైట్లే పడతాయి, వేయడం తేలికే. కానీ 80 కౌంట్ల పిక్సెల్ దానంతటదే అటూఇటూ సుమారు 9 ఊగుతుంది. పచ్చ, పసుపుల సరిహద్దు సరిగ్గా అక్కడే పడితే లేని మచ్చ కనబడుతుంది. ఎముకలకు తెల్ల నేపథ్యం మీద నలుపే మేలు. రంగులు గుండె బొమ్మలకు ఉంచుకోండి.