సొంత ఐపీ ఉన్నా మెయిల్ స్పామ్‌లోకే ఎందుకు?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో దర్రీలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. బిల్లు, ఆర్డర్ అందినట్టు, సరుకు పంపినట్టు, అన్నీ కలిపి రోజుకు 150 దాకా మెయిళ్లు పోతాయి. రెండు నెలల కింద డెడికేటెడ్ ఐపీతో (మా ఒక్కరికే ఉండే ఇంటర్నెట్ నంబర్‌తో) సర్వర్ తీసుకున్నాం. అయినా జీమెయిల్‌లో చాలామందికి స్పామ్‌లోనే పడుతున్నాయి. ఈ ఐపీకి మంచి పేరు ఎట్లా తేవాలి?

జవాబు: మీ లెక్కకు సొంత ఐపీ అక్కరలేదు. ఆ 150లో జీమెయిల్‌కు వంద పోతాయనుకుందాం. మిగిలినవి యాహూ, అవుట్‌లుక్, కంపెనీ సర్వర్ల మధ్య పదీ ఇరవై చొప్పున చీలిపోతాయి. మీ ఐపీ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఆ కొంచెం ఎవరికీ చాలదు. ఏనుమాముల మార్కెట్‌కు తరచూ మిర్చి తెచ్చే రైతును అడ్తిదారు గుర్తుపడతాడు. ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ల బస్తా మాత్రం ప్రతిసారీ విప్పి చూస్తాడు. ఇక్కడా అంతే. నెల రోజులు ఆ ఐపీ నుంచి ఏమీ పోకపోతే వచ్చిన కాస్త పరపతీ కరిగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది.

మీరు కాపాడుకోవాల్సింది డొమైన్ పరపతి, అంటే మీ సైట్, మెయిల్ అడ్రస్‌లో ఉండే పేరు మీద మెయిల్ సంస్థలకున్న నమ్మకం. ఐపీ మారినా అది మీ వెంటే వస్తుంది. వెబ్‌సైట్ ఆ సర్వర్‌లోనే ఉండనివ్వండి. బయటికి పోయే మెయిల్‌ను మంచి రిలే సేవ (మీ తరఫున మెయిల్ పంపిపెట్టే సంస్థ) తీసుకొని, చాలామంది కలిసి వాడే దాని షేర్డ్ ఐపీల మీదుగా పంపండి. డీకిమ్ సంతకం (మెయిల్ ఏ డొమైన్ పేరుతో పోయిందో చూపే డిజిటల్ ముద్ర) మాత్రం మీ డొమైన్ పేరుతోనే ఉండాలి. చాలామంది రిలే తీసుకొని ఆగిపోతారు, సంతకం మార్చరు, రిలే సంస్థ పేరుతో సంతకం పోతూనే ఉంటుంది, పేరంతా వాళ్లకే చేరుతుంది.

సొంత ఐపీయే కావాలనుకుంటే ముందు పీటీఆర్ రికార్డు (ఐపీ నంబర్‌కు ఏ పేరుందో చెప్పే నమోదు) చూడండి. ఐపీ నంబర్‌తో వెతికితే సర్వర్ సంస్థ ఇచ్చిన అంకెల పేరు కాకుండా మీ మెయిల్ సర్వర్ పేరు రావాలి. ఆ పేరుతో వెతికితే మళ్లీ అదే ఐపీ రావాలి. సర్వర్ ఎదుటి సర్వర్‌కు హెలో (తొలి పలకరింపు) చెప్పేటప్పుడు కూడా అదే పేరు చెప్పాలి. ఈ రికార్డు మీ డొమైన్ ప్యానెల్‌లో మారదు, ఐపీ ఇచ్చిన సంస్థ దగ్గరే మారుతుంది. సర్వర్‌కు ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) కూడా ఉండి దానికి పీటీఆర్ లేకపోతే, ఆ దారిన వచ్చిన మెయిల్‌ను జీమెయిల్ తిప్పి పంపుతుంది. పోస్ట్‌ఫిక్స్ (సర్వర్‌లో మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్)లో ఇనెట్ ప్రోటోకాల్స్ సెట్టింగ్‌ను పాత రకమైన ఐపీవీ4కే పరిమితం చేస్తే ఆ గొడవ ఉండదు.

తర్వాత మీ సొంత జీమెయిల్‌కు ఒక బిల్లు పంపి, ఆ మెయిల్ మెనూలో 'షో ఒరిజినల్' తెరవండి. ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు), డీకిమ్, డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) మూడింటి ఎదురుగా 'పాస్' అని ఉండాలి. డీకిమ్ పక్కన కనిపించే డొమైన్, ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ ఒకటే కావాలి. ఎస్‌పీఎఫ్ రికార్డులో ఇన్‌క్లూడ్‌లు (వేరే సేవల రికార్డులను కలిపే మాటలు) పేర్చుకుంటూ పోతే డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల పట్టిక) వెతుకులాటలు 10 దాటి రికార్డు మొత్తం చెల్లకుండా పోతుంది. డీమార్క్‌ను మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) పాలసీతో పెట్టి, వచ్చే రిపోర్టులు కొన్ని వారాలు చూసి, ఆ తర్వాతే 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయి)కు మార్చండి.

సొంత ఐపీ నుంచి పంపడం మొదలుపెట్టేటప్పుడు ఈ మధ్యనే కొన్నవాళ్లకు రోజుకు 20తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుతూ రెండు వారాల్లో 150కి చేరండి. మిగతావి అప్పటిదాకా రిలే మీదుగా పోనివ్వండి. పండుగ ఆఫర్లను ఈ బిల్లుల్లో కలపకండి, వాటికి వేరే సబ్‌డొమైన్ (మీ డొమైన్ కింద ఇంకో పేరు) పెట్టండి. ఎందుకంటే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, 0.1 లోపు ఉంటే మంచిదని గూగుల్ చెబుతుంది. జీమెయిల్‌కు పోయిన వందలో ఒక్కరు 'స్పామ్' నొక్కితే ఆ రోజు 1 శాతం. తక్కువ పంపేవాళ్లకు ఒక్క కోపం కూడా బరువే. పైగా ఇంత తక్కువ మెయిళ్లకు గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ (మెయిల్ పంపేవాళ్లకు గూగుల్ లెక్కలు చూపే సైట్)లో లెక్కలు సరిగ్గా కనిపించవు, మీ సర్వర్ లాగ్ (పోయిన, తిరిగొచ్చిన మెయిళ్ల చిట్టా) చదువుకోవాలి.

ప్రశ్న: హన్మకొండలో కోచింగ్ సెంటర్ మాది. నెలకొకసారి 4,000 మంది తల్లిదండ్రులకు మార్కులు పంపుతాం. కొన్ని వందలు పోయాక 421 అని ఆగిపోతోంది. మళ్లీ పంపాలా?

జవాబు: వద్దు. 421 అంటే 'ఇప్పుడు కాదు, కాసేపాగి రా' అని. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజుల దాకా తనే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు చేత్తో మళ్లీ పంపితే కొందరికి రెండేసి పోతాయి, చిరాకుపడి స్పామ్ నొక్కేస్తారు. నెలంతా మౌనంగా ఉన్న ఐపీ ఒక్క గంటలో వేలు పంపడమే అసలు తప్పు. అందుకునే ఒక్కో డొమైన్‌కు (జీమెయిల్, యాహూ లాంటివి) మెయిల్‌కూ మెయిల్‌కూ మధ్య 5 సెకన్ల విరామం పెట్టండి. అన్నీ జీమెయిల్ అడ్రసులే అయినా ఐదున్నర గంటల్లో పూర్తవుతుంది. ఇంకా మంచిది, తరగతులవారీగా విడగొట్టి వారం పొడవునా పంపండి.

అడ్మిషన్ ఫారాల మీద చేత్తో రాసిన అడ్రసులను ఎక్కించేటప్పుడు తప్పులు పడతాయి. 550 5.1.1 అని తిరిగొస్తే ఆ అడ్రస్ లేనట్టే, అదే రోజు జాబితాలోంచి తీసేసి తల్లిదండ్రులకు ఫోన్ చేసి సరిచేయించండి. ఫ్రమ్‌లో సెంటర్ జీమెయిల్ అడ్రస్ పెట్టి సొంత సర్వర్ నుంచి పంపే అలవాటు ఉంటే వెంటనే మానండి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఫిలిగ్రీ (వెండి తీగ పని) దుకాణం. జీమెయిల్‌కు బాగానే పోతున్నాయి, హాట్‌మెయిల్‌కు మాత్రం 550 5.7.1, ఎస్3150 అని తిరిగొస్తున్నాయి.

జవాబు: మీ ఐపీ ఉన్న నెట్‌వర్క్ భాగాన్ని మైక్రోసాఫ్ట్ బ్లాక్ చేసింది. తప్పు పక్క ఐపీలది కావచ్చు, మీకంటే ముందు ఆ ఐపీ వాడినవాళ్లది కూడా కావచ్చు. మైక్రోసాఫ్ట్ డీలిస్టింగ్ ఫారం (బ్లాక్ ఎత్తేయమని అడిగేది) నింపండి, సర్వర్ సంస్థకూ ఆ ఎర్రర్ పూర్తి పాఠం పంపండి. ఎస్‌ఎన్‌డీఎస్ (మీ ఐపీ లెక్కలు చూపే మైక్రోసాఫ్ట్ సేవ)లో చేరవచ్చు గానీ, రోజుకు 100కు మించి పోతేనే అందులో లెక్క కనిపిస్తుంది. ఫారం పని చేయకపోతే వేరే నెట్‌వర్క్‌లో ఐపీ అడగండి. కొత్తది తీసుకునే ముందే దాన్ని స్పామ్‌హౌస్ (స్పామ్ పంపే ఐపీల జాబితా ఉంచే సంస్థ) సైట్‌లో వెతికి చూడండి.