రెండు డోసులకు రెండు రకాల సీసాలెందుకు?

ప్రశ్న: 2021లో మావారూ నేనూ స్పుత్నిక్ టీకా వేయించుకున్నాం. రెండో డోసు సీసా వేరేదట, ఎంత తిరిగినా దొరకలేదు. కోవిషీల్డ్ వేసుకున్న మా అక్కకి రెండుసార్లూ ఒకటే మందు. మాకే ఎందుకిలా?
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండు సీసాల్లోనూ సరుకు ఒకటేనమ్మా, కరోనా స్పైక్ ప్రొటీన్ జన్యువు. మారింది ఆ జన్యువుని మన కణాల్లోకి మోసుకెళ్లే బండి, అంటే వైరస్. మొదటిదాంట్లో అడినోవైరస్ 26, రెండోదాంట్లో అడినోవైరస్ 5. జలుబులూ కళ్లకలకలూ తెచ్చే కుటుంబమే, కాకపోతే ఒంట్లో పెరగకుండా జన్యువు కత్తిరించినవి.

నా క్లాసులో ఈ వైరస్ బొమ్మ గీయాలంటే ముందు 20 ముఖాలూ 12 మూలలూ సరిగ్గా రావాల్సిందే. ముఖాల నిండా పరుచుకున్నది హెక్సాన్ ప్రొటీన్, మూడేసి కలిసిన ముద్దలు 240. మూలమూలకీ పెంటాన్, దాన్లోంచి పొడుచుకొచ్చిన ఫైబర్. అడినో 5 అయితే ఫైబర్ కొసన ఉన్న గుండుతో మన కణం మీది సీఏఆర్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. కాక్సాకీ అనే మరో వైరస్ పట్టుకునేదీ దాన్నే; ఆ సంగతి 1997లో బయటపడింది. ఆ తర్వాత పెంటాన్ వెళ్లి కణం మీదే ఉండే ఇంటెగ్రిన్‌లనే మరో రకం ప్రొటీన్లకు తగులుకుంటే కణం వైరస్‌ని లోపలికి లాక్కుంటుంది.

ఇక మీ ప్రశ్న దగ్గరికొస్తే, అసలు కథ హెక్సాన్‌ది. దాని పైభాగంలో ఉబికి ఉండే మలుపులు రకరకానికీ మారతాయి, మన యాంటీబాడీలు ఎక్కువగా అతుక్కునేది వాటికే. మొదటి డోసుతో స్పైక్ మీదే కాక అడినో 26 హెక్సాన్ మీద కూడా యాంటీబాడీలు పుడతాయి. 21 రోజులకే మళ్లీ దాన్నే ఎక్కిస్తే, కణం దాకా చేరకుండానే కొంత పట్టుబడిపోతుంది. అందుకని మాస్కోలోని గమలేయా సంస్థ రెండోసారి హెక్సాన్ మార్చింది. ఎత్తు తెలివైనదేగానీ, అడినో 5ని ఎంచుకోవడం నాకంత నచ్చలేదు. అది చిన్నప్పుడే చాలామందికి సోకి పోయే రకం, వాళ్లకి దాని మీద యాంటీబాడీలు ముందే ఉంటాయి.

మీ అక్క వేసుకున్న కోవిషీల్డ్‌ని రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చింపాంజీ అడినోవైరస్‌కి వెళ్లింది ఆ తలనొప్పి తప్పించుకోవడానికే. రెండుసార్లూ అదే వైరస్ కాబట్టి కొంత అడ్డు ఉంటుంది. అయినా డోసుల మధ్య ఎడం పెరిగితే టీకా మెరుగ్గా పనిచేసిందని పరీక్షల్లో కనబడింది. మన ప్రభుత్వం 2021 మేలో ఆ ఎడాన్ని 12-16 వారాలు చేసింది కూడా.

మీకు పడిన ఆ మొదటి సీసా మందే తర్వాత స్పుత్నిక్ లైట్ పేరుతో ఒంటి డోసు టీకాగా వచ్చింది. 2022 ఫిబ్రవరిలో మన దేశంలోనూ దానికి అనుమతి ఇచ్చారు.