సోడా సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: నా వయసు 52. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. రెండు నెలలుగా ఛాతీలో మంట. నిమ్మరసంలో అర చెంచా వంట సోడా కలుపుకుని తాగితే తేన్పులు వచ్చి హాయిగా ఉంటోంది. మెట్రో స్టేషన్ మెట్లెక్కేటప్పుడు మంట ఎక్కువవుతుంది, ఆగితే తగ్గుతుంది. బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వాడుతున్నాను. సోడా రోజూ తాగవచ్చా? నిమ్మరసం కడుపులోకి వెళ్లాక క్షారంగా మారుతుందట, నిజమేనా?

జవాబు: మీరు సోడా గురించి అడిగారు. నాకు భయం వేసింది మాత్రం మెట్ల సంగతి చదివాకే. ఎక్కితే వచ్చి, ఆగితే తగ్గే మంటను, అందులోనూ 52 ఏళ్ల బీపీ మనిషికి, పరీక్ష చేయకుండా అసిడిటీ అని ఏ డాక్టరూ తేల్చలేడు. గుండెకు రక్తం చాలనప్పుడు నొప్పే రావాలని లేదు. మంటగా, బరువుగా, గ్యాస్ పట్టేసినట్టుగా కూడా ఉంటుంది. మిమ్మల్ని చూడకుండా ఇది గుండె జబ్బేనని నేను అనడం లేదు. కాదని తేలేదాకా మాత్రం గుండెగానే చూడాలి.

'తేన్పు వచ్చింది, తగ్గింది, కాబట్టి గ్యాసే' అని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది అంటారు. కడుపులో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సోడా కలిస్తే ఉప్పు, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. ఆ వాయువే తేన్పుగా బయటికొస్తుంది. అంటే గ్యాస్ ఉందనడానికి అది రుజువు కాదు, ఆ గ్యాస్ మీరు తాగిన సోడాదే. పైగా నిమ్మరసంలో కలిపితే ఈ రియాక్షన్ చాలావరకు గ్లాసులోనే అయిపోతుంది, ఆ నురగ అదే. ఈలోగా మీరు మెట్ల దగ్గర ఆగి ఉంటారు. మంట తగ్గింది అందుకే కావచ్చు. ఇలా సోడాతో నెట్టుకొచ్చి ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. రెండు నెలలు ఆగారు, అది తప్పండీ.

సోడా రోజూ వద్దు. అర టీస్పూన్‌లో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పిన హద్దే 2,000 లోపు. బీపీ ఉన్నవాళ్లకు ఇది మంచిది కాదు. నిమ్మరసం ఆమ్లమే. కడుపు అంతకన్నా ఆమ్లంగా ఉంటుంది. రక్తం పీహెచ్‌ని (ఆమ్లమో క్షారమో చెప్పే కొలతను) 7.35 నుంచి 7.45 మధ్య ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి, నిమ్మకాయ కాదు.

మోకాళ్ల మాత్ర విషయానికొస్తే, పేరు రాయలేదు. నొప్పి మాత్రల్లో చాలావాటికి కడుపులో పుండు చేసే గుణం, బీపీ పెంచే గుణం ఉన్నాయి. డాక్టర్‌కి చూపించేదాకా ఆపండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. మలం నల్లగా వస్తే, రక్తం వాంతి అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈరోజే ఈసీజీ తీయించుకోండి. నార్మల్ వచ్చిందని ఇంటికొచ్చేయకండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగుండి కూడా రక్తనాళంలో అడ్డు ఉండొచ్చు. గుండె డాక్టర్‌ని కలిసి, నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్ లాంటి పరీక్ష అవసరమో లేదో ఆయననే తేల్చమనండి. ఉస్మానియా, నిమ్స్‌లో కార్డియాలజీ విభాగాలున్నాయి. మధ్యలో కూర్చున్నప్పుడు కూడా మంట వచ్చినా, చెమటలు పట్టినా, దవడకో చేతికో పాకినా 108కి ఫోన్ చేయండి, బండి మీద బయల్దేరకండి. ఆసుపత్రికి మోకాళ్ల మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.