ఏ ఊరి యాస అబ్బీ?

అబ్బీ,

నీ కథ రెండుసార్లు చదివినా. అవ్వ బావి కాడ కూర్చునే చోటు చానా బాగుంది. కానీ కథ పైన "రాయలసీమ యాసలో" అని రాసినావే, లోపల ఆదోని హమాలీ, ప్రొద్దుటూరు షావుకారు, మడకశిర రైతు ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతాండారు, ఆ గొంతు సినిమాల్లో సుమోలు దిగేవాళ్ళది.

రాయలసీమ అనే పేరే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు పెట్టింది, అంతకుముందు నిజాం ఇంగ్లీషోళ్ళకి ఇచ్చేసిన జిల్లాలని దత్తమండలాలు అనేవాళ్ళు. కొత్త పేరు మనకి గౌరవం తెచ్చింది, కానీ పేరు ఒకటైనంత మాత్రాన మాటలన్నీ ఒకటైపోతాయా? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు యాసల లెక్కన తెలుగుని నాలుగు మండలాలు చేస్తే దక్షిణ మండలంలో మనతో పాటు నెల్లూరు కూడా పడింది, మరి నెల్లూరాయన నోరు తెరిస్తే మనూరాయన అనుకుంటామా? పరిశోధనకి అంత పెద్ద గీత పనికొస్తాది గానీ ఒక మనిషిని రాసేదానికి చాలదు. వేరుశనక్కాయల్ని కర్నూలు దిక్కు బుడ్డలు అంటే కడప దిక్కు చెనిక్కాయలు, రాయదుర్గం, మడకశిర పక్క కన్నడం కలుస్తాది, కర్నూలు టౌన్లో ఉర్దూ.

నాకైతే అనంతపురం "అప్పా" అంటే ప్రాణం, "ఏమప్పా బాగుండావా" అని ఎవరన్నా అంటే మనసు మెత్తబడిపోతాది. తొడగొట్టి అరిచే సినిమా యాస అస్సలు పడదు. ఇవి నా ఇష్టాలు, నీవి వేరే ఉండచ్చు, ఇష్టమని చెప్పుకో, కానీ "ఇదే అసలు సీమ యాస" అని మాత్రం అనొద్దు, పక్కూరోడి నోరు మూసినట్లయితాది.

నా మొదటి కథలో అమ్మ "పొద్దు మునిగేలోపల రా నాయనా" అంటాది. అచ్చేసిన పత్రికోళ్ళు దాన్ని "సాయంకాలానికి రా బాబూ" అని దిద్దినారు. పేజీ తెరిచి చూస్తే ఆమె మా అమ్మ కాదు, ఇంకెవరో. ఆ పొద్దు అన్నం తినలేదు నేను. నువ్వు ముగ్గురినీ ఒకే యాసలో పోసినా అదే పని చేసినట్లు, దిద్దింది నువ్వే అంతే తేడా.

అవ్వ మాటలు ముట్టుకోవద్దు. మిగతావి మళ్ళా రాయి. పత్తి వచ్చే కాలంలో ఆదోని యార్డుకి పోయి రెండు రోజులు హమాలీల పక్కన కూర్చో, బస్ చార్జీ నేనిస్తా, రాసుకున్నది అక్షరం మార్చకుండా నాకు పంపు.

మీ అన్న,
అనంతపురం