మంచు తెల్లగా ఉంటుంది కదా, మోనే నీలంగా ఎందుకు వేశాడు?

1874-75 చలికాలంలో పారిస్ పక్కన అర్జాంతోయ్‌లో మంచు బాగా కురిసింది. అప్పట్లో అక్కడే కాపురముంటున్న ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే ఆ మంచు దృశ్యాలతో దాదాపు 18 బొమ్మలు వేశాడు. ఇక్కడ చెప్పుకుంటున్న ‘స్నో సీన్ ఎట్ అర్జాంతోయ్’ వాటిలో అన్నిటికంటే పెద్దది, తన ఇల్లున్న వీధిదే. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

మంచుకి సొంత రంగంటూ పెద్దగా ఉండదు, మీద పడ్డ వెలుతురునే తిప్పికొడుతుంది. ఎండరోజు నీడపట్టున ఆకాశపు నీలమే పడుతుంది కాబట్టి నీడ నీలంగా కనిపిస్తుంది. ఈ బొమ్మలో మాత్రం ఎండ లేదు, మబ్బు. అందుకే ఆకాశం, రోడ్డు, ఇళ్లు అన్నీ ఒకే నీలి-బూడిద రంగులో కలిసిపోయాయి. మంచు తెల్లనిదని మనకు తెలుసు, కానీ మోనే వేసింది తెలిసింది కాదు, కంటికి కనిపించింది.

ముందుభాగంలో బండి చక్రాల జాడలు చూడండి. అక్కడ రంగు మందంగా పట్టించాడు, బురద కలిసిన మంచులా ఉంటుంది. దూరంగా నడిచేవాళ్లకి మొహాలే లేవు, నాలుగు నల్లటి గీతలంతే. అయినా చలికి ముడుచుకుని నడుస్తున్నారని ఇట్టే తెలిసిపోతుంది. నాకైతే బొమ్మంతటిలో అదే ఇష్టం.