చేపల ఎకనామిక్స్ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. 12 ఎకరాల చేపల చెరువు లీజుకు చేస్తున్నాను. మా అమ్మాయి ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) ఆఖరి సంవత్సరం. పీజీలో ఆక్వాకల్చర్ వద్దు, ఫిషరీస్ ఎకనామిక్స్ చేస్తానంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: అన్నగారూ, ముందు మీ చెరువు లెక్కే చూద్దాం. ఈ అయిదేళ్లలో మీరు నష్టపోయిన పంటల్లో జబ్బు వల్ల పోయినవెన్ని, రేటు పడిపోయి పోయినవెన్ని? శీలావతి, బొచ్చె బాగానే పెరుగుతాయి, తవుడు ధర చూసుకుంటూ నెలల తరబడి మేత వేస్తారు, తీరా పట్టుబడి రోజున ట్రేల్లో ఐసు వేసి లారీ ఎక్కించేటప్పుడు గట్టు మీద రేటు చెప్పేది మీరు కాదు. కోల్‌కతాలోనో గువాహటిలోనో ఆ వారం ఎంత సరుకు దిగిందో దాన్నిబట్టి అది తేలుతుంది. మీ అమ్మాయి చదువుతానంటున్నది సరిగ్గా ఇదే.

2013-14లో దేశంలో చేపల ఉత్పత్తి 96 లక్షల టన్నులకు దగ్గరగా ఉండేది, 2022-23కల్లా 175 లక్షల టన్నులు దాటింది, అందులో 50 లక్షల టన్నుల పైచిలుకు మన ఆంధ్రదే. తినేది చూస్తే ప్రపంచ సగటు మనిషికి ఏడాదికి 20 కిలోలు, మన దేశంలో అంతకన్నా బాగా తక్కువ. రొయ్య పరిస్థితి ఇంకా సున్నితం. 2023-24లో 60 వేల కోట్ల పైన సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు జరిగితే, దాదాపు మూడింట రెండొంతుల సొమ్ము ఫ్రోజెన్ రొయ్యదే, పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో వాళ్లు సుంకం 50 శాతం చేయగానే ఇక్కడి రైతు గుండెల్లో రాయి పడింది, కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఎంత తగ్గిస్తారోనని. ఇంత సరుకు ఎవరు తింటారు, ఏ ధరకు తింటారు అని ముందుగా లెక్కగట్టే మనుషులు మనకు చాలా తక్కువ, అదే నా బాధ.

ఉద్యోగాల మాటకొస్తే, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకు ఇప్పుడున్న డిగ్రీతోనే రాయొచ్చు. ఎగుమతి కంపెనీలు, మేత కంపెనీలు, హైదరాబాద్‌లోని జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు, కొచ్చిలోని సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా ఉన్నాయి, పరిశోధన ఇష్టమైతే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్త పోస్టులు. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థ సీఐఎఫ్ఈలో ఈ సబ్జెక్టుకు పీజీ ఉంది, ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఒక్కటి మాత్రం నిజం, ఆక్వాకల్చర్‌తో పోలిస్తే సొంత ఊళ్లో ఉద్యోగాలు తక్కువ, బయటికి పంపడానికి మీరు సిద్ధపడాలి. స్టాటిస్టిక్స్ అంటే భయముంటే మాత్రం ఈ దారి వద్దని నేనే చెబుతాను.

ఈసారి పట్టుబడికి అమ్మాయిని గట్టు మీదికి తీసుకెళ్లండి. మేత, ఐసు, కూలి, లారీ కిరాయి, కమీషన్ అన్నీ తననే రాయమనండి, అదే సరుకు కోల్‌కతాలో ఎంతకు పోయిందో కనుక్కోమనండి. ఆ రెండు రేట్ల మధ్య తేడా ఎవరి చేతికి వెళ్లిందో తను మీకు విడమరిచి చెప్పగలిగితే, పరీక్షకు అప్లికేషన్ పెట్టించేయండి.